ల్యాబ్‌కి రోబోటిక్ లైన్ వస్తోంది, రిజల్ట్స్‌ని ఎంతవరకు నమ్మొచ్చు, పక్కన పనిచేసే మనకి ఎంత సేఫ్?

సీరమ్‌బాబు

అందరికీ నమస్తే. నేను క్లినికల్ బయోకెమిస్ట్రీలో సీనియర్ టెక్నీషియన్ని. మా దగ్గర ఇప్పటిదాకా ఎనలైజర్లు (టెస్ట్ చేసి నంబర్ ఇచ్చే మెషీన్లు) మాత్రమే ఆటోమేటిక్, మిగతాదంతా చేతిపనే, అంటే ట్యూబ్‌లు సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి రక్తంలోంచి సీరం వేరుచేసే మెషీన్) పెట్టడం, మూతలు తీయడం, ర్యాకుల్లో సర్దడం, మిగిలిన శాంపిల్ ఫ్రిజ్‌లో దాచడం అన్నీ మేమే. ఇప్పుడు మొత్తం ట్రాక్ వస్తోంది. ఒక చివర ట్యూబ్‌లు పోస్తే చాలు అంట, రోబో చెయ్యి ఎత్తి బార్‌కోడ్ చదివించి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తీసి, మూత తీసి, ఎనలైజర్ దగ్గరికి పంపి, మళ్ళీ సీల్ వేసి ఫ్రిజ్‌లో పెట్టేదాకా అన్నీ అదే చూసుకుంటుంది.

డెమోకి వచ్చినవాళ్ళు "ఇక హ్యూమన్ ఎర్రర్ అనే మాటే ఉండదు" అని తేల్చేశారు. వినడానికి బాగానే ఉంది కానీ నాకు మాత్రం మనసొప్పట్లేదు. చేత్తో చేసేటప్పుడు ట్యూబ్ ఒకసారి వెలుతురికి ఎత్తి చూస్తాం కదా, గడ్డ ఉందా, ఎర్రగా ఉందా, శాంపిల్ తక్కువ ఉందా అని, ఆ చూపు పోతే ఏమవుతుంది? ఒకరి ట్యూబ్ ఇంకొకరిదిగా మారే ఛాన్స్ మెషీన్‌లో అసలు లేదా? పైగా మేనేజ్‌మెంట్ ఆటో వెరిఫికేషన్ కూడా మొదటి రోజు నుంచే ఆన్ చేయాలంటున్నారు, అంటే మనిషి చూడకుండానే రిపోర్ట్ రిలీజ్ అయిపోతుంది.

ఇంకోటి, రాత్రి షిఫ్ట్‌లో ఒక్కరే ఉంటారు. ట్యూబ్ ఇరుక్కుంటే కవర్ తెరిచి లోపల చెయ్యి పెట్టాల్సింది ఆ ఒక్కరే. ఆ చెయ్యి కదులుతూ ఉంటే? నిజంగా వాడినవాళ్ళు చెప్పండి, బ్రోషర్ మాటలు వద్దు.

కెమిస్ట్రీమేడమ్

బాబూ, మంచి ప్రశ్న వేశారు, కొంచెం పొడుగ్గా చెప్తాను ఓపిగ్గా చదవండి.

ముందు తప్పులు ఎక్కడ జరుగుతున్నాయో చూడాలి. 1997లో ప్లెబానీ, కరారో అని ఇద్దరు ఇటలీలో ఒక హాస్పిటల్ ల్యాబ్ తప్పుల్ని లెక్కకట్టారు. టెస్ట్‌కి ముందు దశలో 68 శాతం, టెస్ట్ చేసేటప్పుడు 13 శాతం, మిగతావి రిపోర్ట్ ఇచ్చే దశలో. పదేళ్ళకి 2007లో మళ్ళీ లెక్క తీస్తే 62, 15, 23. అంటే ఎనలైజర్ లోపల జరిగే తప్పులు మొదట్నుంచీ తక్కువే. ఈ టెస్ట్‌కి ముందు దశ అన్నదాంట్లో కూడా సగం కథ ల్యాబ్ గుమ్మం బయటే జరిగిపోతుంది, పేషెంట్ పక్కన. మీ ట్రాక్ మీ గుమ్మం లోపల మొదలవుతుంది. కాబట్టి ట్యూబ్ సార్టింగ్‌లో, వేరే ట్యూబ్‌లోకి పోసేటప్పుడు, ర్యాకులో పక్క గడిలో పెట్టేసేటప్పుడు జరిగే తప్పులు బాగా తగ్గుతాయి, అందులో డౌటు లేదు, అది చిన్న విషయం కూడా కాదు. కానీ బెడ్ దగ్గర ఒకరి రక్తం తీసి ఇంకొకరి లేబుల్ అంటిస్తే రోబోకి ఏం తెలుస్తుంది? దానికి కనిపించేది బార్‌కోడ్, మనిషి కాదు. తప్పు మనిషి రక్తాన్ని కూడా అంతే శ్రద్ధగా, రెండు డెసిమల్స్‌తో సహా కొలిచి ఇస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది మీకు కచ్చితంగా ఎదురయ్యేదే. పొటాషియం 9, కాల్షియం 5, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ అడుగంటింది. పేషెంట్ ఏమో లేచి కూర్చుని కబుర్లు చెప్తున్నాడు. ఏం జరిగింది? పర్పుల్ ట్యూబ్‌లో (రక్తం గడ్డ కట్టకుండా మందు ఉండేది) ముందు పోసి, ఎల్లో ట్యూబ్‌కి (రక్తం గడ్డ కట్టాక సీరం తీసేది) చాల్లేదని అందులోంచి కొంచెం ఇందులోకి వంపేశారు, లేదా సిరంజితో పర్పుల్ తర్వాత ఎల్లో నింపారు. పర్పుల్‌లో ఉండే ఆ మందు పొటాషియం ఈడీటీఏ, కాబట్టి పొటాషియం పెరుగుతుంది, ఈడీటీఏ కాల్షియంని పట్టేసుకుంటుంది, ఆ ఎంజైమ్‌కి కావాల్సిన జింక్, మెగ్నీషియంని కూడా లాగేస్తుంది. సీరం చూడటానికి మాత్రం శుభ్రంగా, పసుపుగా ఉంటుంది. మీరు వెలుతురికి ఎత్తి చూసినా తెలియదు. మూడు రిజల్ట్స్ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఈ మూడింటినీ కలిపి చూసే రూల్ ఒకటి మీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టించండి, రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్న మనిషికంటే అది బాగా పట్టుకుంటుంది.

ఎర్రగా ఉన్న శాంపిల్ సంగతికొస్తే ఇప్పటి ఎనలైజర్లు హీమోలిసిస్ (ఎర్రకణాలు పగిలి ఎరుపెక్కడం), ఇక్టెరస్ (బిలిరుబిన్ వల్ల పసుపెక్కడం), లైపీమియా (కొవ్వు వల్ల పాలలా అవడం) మూడింటికీ ఇండెక్స్, అంటే ఎంత ఉందో చెప్పే నంబర్, కొలుస్తాయి. ఇది కంటిచూపుకంటే మేలే, ఎందుకంటే "కొంచెం ఎరుపు" అనేది నాకొకలా మీకొకలా కనిపిస్తుంది, అదీకాక బిలిరుబిన్ ఎక్కువున్న సీరంలో ఎరుపు కంటికి ఆనదు. అయితే ఇండెక్స్ కొలిచినంత మాత్రాన సరిపోదు, ఏ టెస్ట్‌కి ఎంత దాటితే ఆపాలో మీరే సెట్ చేయాలి. పొటాషియం, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైమ్‌లు లాంటివి చిన్న హీమోలిసిస్‌కే పెరిగిపోతాయి, సోడియం అంతగా కదలదు. అన్నిటికీ ఒకే కటాఫ్ పెట్టేసి వదిలేసిన చోట్లు ఉన్నాయి, అలా చేస్తే అనవసరంగా సగం రిజెక్ట్ అవుతాయి లేదా రిజెక్ట్ అవ్వాల్సినవి పోతాయి.

ప్రోబ్‌రిపేర్

నేను సర్వీస్ ఇంజనీర్ని అన్నా, ఏ కంపెనీ అని అడగొద్దు. మేడమ్ గుమ్మం బయట సంగతి చెప్పిండ్రు, నేను కవర్ కింద సంగతి చెప్త.

ప్రోబ్, అంటే శాంపిల్ పీల్చే సన్న గొట్టం, శాంపిల్‌లోకి దిగుతుంటే కెపాసిటెన్స్ మారుడుతోని లిక్విడ్ తగిలిందని తెలుసుకుంటది. ఇక్కడ మొదటి గోల నురగ. ట్యూబ్‌ని గట్టిగ ఊపితే పైన బుడగలొస్తయ్ కద, ప్రోబ్ బుడగని తాకి అదే లిక్విడ్ అనుకుని ఆగి పీలుస్తది, సగం గాలి సగం సీరం. రిజల్ట్ తక్కువ వస్తది కాని వస్తది, అదే డేంజర్, ఎర్రర్ వచ్చి ఆగితే బాగుండు. అందుకే మంచి మెషీన్లల్ల పీల్చేటప్పుడు ప్రెజర్ కూడా చూస్తరు, గాలి పీలిస్తే ఒక తీరు కర్వ్, గడ్డ అడ్డమొస్తే ఇంకో తీరు. కొనే ముందు అడగాల్సింది ఇది: ప్రెజర్ చెక్ అన్ని మాడ్యూల్స్‌ల ఉన్నదా, లేక మెయిన్ ఎనలైజర్‌ల మాత్రమే ఉండి అలికాటర్‌ల (శాంపిల్‌ని వేరే ట్యూబ్‌లల్లకి పంచేది) లేదా?

గడ్డల గురించి ఇంకో మాట. మూత తెరిచి చూస్తే సీరం మంచిగనే ఉంటది, లోపల సన్నటి ఫైబ్రిన్ పోగు కంటికి కనపడకుండ వేలాడుతుంటది. ఎందుకంటే ఎల్లో ట్యూబ్ అరగంట నిలబెట్టి పూర్తిగ గడ్డ కట్టినంక తిప్పాలె, తొందరల వచ్చింది వచ్చినట్టు ట్రాక్ మీద వేస్తరు, హెపారిన్ (రక్తం గడ్డ కట్టకుండ ఇచ్చే మందు) మీదున్న పేషెంట్లవైతే అరగంట కూడా చాలదు. చేత్తో చేసినప్పుడు ఎట్లాగు ఆలస్యమైతది కాబట్టి ఆ అరగంట దానంతటదే గడిచిపోయేది. ఇప్పుడు మెషీన్ స్పీడుకి ఆ గ్యాప్ మాయమైతది. మీ కొత్త లైన్‌ల మొదటి వారం వచ్చే క్లాట్ ఎర్రర్లల్ల చాలావరకు ఇదే ఉంటది, రాసిపెట్టుకోండి.

దీనికి అతుక్కున్నదే ఇంకోటి. ఎర్రర్ వచ్చి బయటికొచ్చిన ట్యూబ్‌ని తీసుకపోయి మళ్ళ మొదటి ఇన్‌పుట్‌ల వేస్తరు. లైన్‌కి ఇది ఆల్రెడీ తిరిగిన ట్యూబ్ అని తెల్వకపోతే మళ్ళ సెంట్రిఫ్యూజ్‌ల పెడ్తది. జెల్ ట్యూబ్‌ని (సీరంకి, కణాలకి నడుమ జెల్ అడ్డుండేది) రెండోసారి తిప్పితే జెల్ కింద కణాల నుంచి కారిన పొటాషియం పైకొస్తది, రిజల్ట్ ఉత్తగనే పెరుగుతది. రీరన్ ట్యూబ్‌లకి వేరే ఎంట్రీ ఉంటది, అది ఎక్కడుందో అందరికి చూపియ్యాలె, రాత్రి షిఫ్టోళ్ళకి ముందు.

క్యారీఓవర్, అంటే ఒక శాంపిల్ ప్రోబ్‌కి అంటుకుని తర్వాతి దాంట్లకి పోవుడు: ఎనలైజర్‌ల ప్రోబ్ కడిగి కడిగి వాడేదైతే లెక్క వేసి చూడండి. బీటా హెచ్‌సీజీ, అంటే గర్భం టెస్ట్‌ల చూసే హార్మోన్, కొన్ని జబ్బులల్ల 10 లక్షల యూనిట్లదాక పోతది. దాంట్ల లక్షలో ఒక వంతు తర్వాతి శాంపిల్‌కి అంటుకున్నా 10 యూనిట్లు. గర్భం లేదనడానికి కటాఫ్ సాధారణంగ 5. అంటే కడుగుడు 99.999 శాతం పక్కాగ ఉన్నా తప్పు రిపోర్ట్ పోతది. డిస్పోజబుల్ టిప్స్ ఎందుకు పెడ్తరో ఇప్పుడు తెలిసిందా, ఖర్చు అని ఏడుస్తరు గాని. మీరు కూడా ఇన్‌స్టాలేషన్‌ల ఒక హై శాంపిల్, వెనకనే లో శాంపిల్, అట్ల మార్చి మార్చి పెట్టి క్యారీఓవర్ టెస్ట్ మీ ముందర చేపియ్యండి. అదే శాంపిల్ ట్యూబ్ మొదట కెమిస్ట్రీకి పోయి తర్వాత ఇమ్యునోఎస్సేకి (హెచ్‌సీజీ లాంటివి యాంటీబాడీలతోని కొలిచే టెస్ట్) పోతదా, ముందు ఇమ్యునోఎస్సేకి పోయి తర్వాత కెమిస్ట్రీకి పోతదా అనేది కూడా అడగండి. కడిగే ప్రోబ్ ముందు ముంచితే ఆ ట్యూబే కలుషితమైతది, తర్వాత టిప్ ఎంత కొత్తదైనా లాభంలేదు.

ఇక సేఫ్టీ. మీరడిగిన "చెయ్యి కదులుతుంటే?" అన్నదానికి జవాబు, కవర్ తెరిస్తే ఆగాలె, ఇంటర్‌లాక్ ఉంటది. కాని నేను పోయిన చోట్ల కవర్ సెన్సార్ మీద అయస్కాంతం ముక్క అతికించి పెట్టిండ్రు, మాటిమాటికి కవర్ తీస్తే లైన్ ఆగుతుందని. ఆ ముక్క కనిపిస్తే మొదట పీకి పారేయండి. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నదని కింద చూడకుండ కాలు పెట్టరు కద, ఇదీ అంతే, ఆగినట్టు కనిపించుడు వేరే, ఆగుడు వేరే. ట్యూబ్ కోసం ఎదురుచూస్తున్న గ్రిప్పర్ (ట్యూబ్ పట్టుకునే రోబో చెయ్యి) కూడా బొమ్మ లెక్కనే నిలబడతది, ట్యూబ్ రాంగనే కదులుతది. ఎమర్జెన్సీ స్టాప్ కొడితే కరెంట్ ఆగుతది, గాలి లైన్ల ప్రెజర్ మిగిలే ఉండొచ్చు. మీ మోడల్‌ల స్టాప్ తర్వాత గ్రిప్పర్ పట్టు వదులుతదా, పట్టుకునే ఉంటదా, అడిగి బోర్డు మీద రాసి పెట్టండి.

సీరమ్‌బాబు

ప్రోబ్ అన్నా, రెండోసారి సెంట్రిఫ్యూజ్ సంగతి డెమోలో ఒక్కళ్ళూ ఎత్తలేదు. అయస్కాంతం ముక్క అంటే నవ్వొచ్చింది కానీ మా సెంట్రిఫ్యూజ్ మూత లాక్‌కి ఏం చేశారో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది లెండి.

మేడమ్, ఇంకో డౌట్. ట్యూబ్ మారిపోవడం అనేది లైన్ లోపల అసలు జరగదా? అలాగే ఆటో వెరిఫికేషన్ మీద ఎవరైనా రాయండి, మీటింగ్‌లో నేను మాట్లాడాలి.

మిడిల్‌వేర్‌మావయ్య

ల్యాబ్ ఐటీ చూస్తాను, రెండిటికీ నేనే చెప్తా.

ట్యూబ్ మారడం: ప్రతి స్టేషన్ దగ్గరా బార్‌కోడ్ మళ్ళీ చదివే లైన్ అయితే చాలా అరుదు. ఒక్కసారే చదివి ఆ తర్వాత "ఈ గడిలో ఉన్నది ఫలానా ట్యూబ్" అని గుర్తుపెట్టుకునే మాడ్యూల్ అయితే మాత్రం జాగ్రత్త. చదివాక, పీల్చక ముందు ఎవరో కవర్ తీసి రెండు ట్యూబ్‌లు బయటికి తీసి, చూసి, అటుదిటు పెట్టేశారనుకోండి, మెషీన్‌కి అనుమానం కూడా రాదు. కాబట్టి కవర్ తీస్తే ఆ ర్యాక్ మొత్తం మళ్ళీ చదవాలి, లేకపోతే రిజల్ట్స్ ఆగాలి, అది సెట్టింగ్‌లో ఉందో లేదో చూడండి. రెండోది లేబుల్. థర్మల్ ప్రింటర్ హెడ్‌లో ఒక చుక్క చచ్చిపోతే బార్‌కోడ్ గీతల వెంబడి సన్నటి తెల్ల చార పడుతుంది. కోడ్ 128 అయితే అందులో చెక్ క్యారెక్టర్ తప్పనిసరి కాబట్టి ఎక్కువసార్లు "చదవలేను" అని ఆగిపోతుంది, చెక్ డిజిట్ లేకుండా వాడే పాత రకాలైతే వేరే నంబర్‌గా చదివేసే ప్రమాదం ఉంది. ఆ తర్వాత అసలు ప్రమాదం ఏంటంటే చదవని ట్యూబ్ నంబర్‌ని మనిషి కీబోర్డ్ మీద కొట్టడం. కొట్టనివ్వకండి, లేబుల్ మళ్ళీ ప్రింట్ చేసి, పేరు నంబర్ రెండూ సరిచూసి అంటించాలి అని రూల్ పెట్టండి.

ఇప్పుడు ఆటో వెరిఫికేషన్. నేను దీనికి వ్యతిరేకిని కాదు, పైగా నూట యాభయ్యో రిపోర్ట్ దగ్గర మనిషి ఏం చూస్తాడో మనందరికీ తెలుసు, ఎంటర్ ఎంటర్ ఎంటర్. నా గొడవల్లా "మొదటి రోజు నుంచే" అన్న మాట మీద. కొత్త ఎనలైజర్, కొత్త ట్రాక్, కొత్త రూల్స్ మూడూ ఒకేరోజు ఆన్ చేస్తే తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో వెతుక్కోవడానికే వారం పడుతుంది.

2021లో ఇంగ్లండ్‌లో జరిగింది మీటింగ్‌లో చెప్పండి. ఒక ప్రైవేట్ ల్యాబ్ నుంచి సెప్టెంబర్ మొదలు అక్టోబర్ మధ్యదాకా వెళ్ళిన కోవిడ్ పీసీఆర్ రిపోర్టుల్లో దాదాపు 39 వేల పాజిటివ్‌లు నెగటివ్ అని వెళ్ళాయని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ తర్వాత విచారణలో అంచనా వేసింది. కారణం మెషీన్ పాడవడం కాదు, పాజిటివ్ నెగటివ్ తేల్చే థ్రెషోల్డ్ తప్పుగా సెట్ చేశారు. బయటపడింది కూడా ల్యాబ్ లోపల కాదు, ఇంట్లో ర్యాపిడ్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చినవాళ్ళకి పీసీఆర్‌లో నెగటివ్ రావడంతో జనం అడగడం మొదలుపెట్టారు. చేత్తో చేస్తే ఒక మనిషి ఒక షిఫ్ట్‌లో ఎంత తప్పు చేయగలడు? ఆటోమేషన్‌లో ఒక తప్పు నంబర్ ఎవరూ ఆపేదాకా పనిచేస్తూనే ఉంటుంది, అలసట లేకుండా.

కాబట్టి నేను చేయించే పద్ధతి ఇది. రూల్స్ ఆన్ చేసి పెట్టి, రిలీజ్ మాత్రం మనిషి చేతిలోనే ఉంచుతాం. "నేనైతే వదిలేసేదాన్ని" అని సాఫ్ట్‌వేర్ ఒక టిక్ పెడుతుంది, మనిషి చూసి ఒప్పుకుంటాడా లేదా రికార్డ్ అవుతుంది. ఆ తేడాలు ఒక్కోటి కూర్చుని చూస్తే మీ రూల్స్‌లో కంతలు బయటపడతాయి. కొన్నిసార్లు మనిషివే బయటపడతాయి, అది ఇంకో తలనొప్పి. దాంతోపాటు కావాలని తప్పుడు రిజల్ట్స్ టెస్ట్ సిస్టంలోకి ఎక్కిస్తాం, పొటాషియం 9, నెగటివ్ నంబర్, యూనిట్ మారిన రిజల్ట్, క్యూసీ (ముందే విలువ తెలిసిన శాంపిల్‌తో చేసే చెక్) ఫెయిలైన ఎనలైజర్ నుంచి వచ్చిన రిజల్ట్, హీమోలిసిస్ ఫ్లాగ్ ఉన్నది, ఫ్లాగ్ అసలు రానే రానిది. చివరిది చాలామంది మర్చిపోతారు. ఇండెక్స్ కొలిచే రియేజెంట్ అయిపోయి ఫ్లాగ్ రాకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని "హీమోలిసిస్ లేదు" అనుకుంటుందా, "తెలియదు" అనుకుని ఆపుతుందా? ఆపాలి.

ల్యాబ్ ప్రమాణాలు రాసే సంస్థ సీఎల్ఎస్ఐ వాళ్ళ ఆటో10, తర్వాత 2019లో వచ్చిన ఆటో15 గైడ్‌లైన్స్ రెండూ దీని గురించే, మీ పాథాలజిస్ట్ దగ్గర ఉంటే తీసుకుని చదవండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయితే, లేదా ఎవరైనా ఒక్క కటాఫ్ మార్చినా ఆ రూల్‌ని మళ్ళీ టెస్ట్ చేసి సంతకం పెట్టాలి. ఆటో రిలీజ్‌ని మొత్తం ఒక్క బటన్‌తో ఆపేసే వీలు షిఫ్ట్‌లో ఉన్న టెక్నీషియన్‌కి ఉండాలి, ఫోన్ చేసి నన్ను లేపి పర్మిషన్ అడిగేలా ఉండకూడదు.

స్మియర్‌శీను

హెమటాలజీ తరఫున ఒక చిన్న మాట. పై డిస్కషన్ అంతా కెమిస్ట్రీ మీదే నడుస్తోంది, మా వైపు మెషీన్ ఎలా బోల్తా పడుతుందో చూడండి.

ప్లేట్‌లెట్స్ 28 వేలు అని వస్తుంది. నిన్నటిదాకా రెండు లక్షలు. పేషెంట్‌కి ఒక్క మచ్చ లేదు, చిగుళ్ళ నుంచి రక్తం లేదు. స్మియర్ వేసి (రక్తపు చుక్కని గాజు పలక మీద పల్చగా పూసి) మైక్రోస్కోప్‌లో అంచు దగ్గర చూస్తే ప్లేట్‌లెట్స్ గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. కొంతమంది రక్తంలో ఈడీటీఏ తగిలితేనే అవి అతుక్కుంటాయి, మెషీన్‌కి ఆ గుంపు ప్లేట్‌లెట్‌లా కనిపించదు కాబట్టి లెక్కలోంచి తీసేస్తుంది. సిట్రేట్ ట్యూబ్‌లో మళ్ళీ తీసి, వచ్చిన నంబర్‌ని 1.1తో గుణిస్తే అసలు లెక్క దొరుకుతుంది (సిట్రేట్ ద్రవం కలిసిన పలుచన కోసం ఆ 1.1), ఎక్కువసార్లు అంతే, కొందరికి సిట్రేట్‌లో కూడా అతుక్కుంటాయి అది వేరే కథ. మెషీన్లు క్లంప్ ఫ్లాగ్ ఇస్తాయి నిజమే, ప్రతిసారీ ఇవ్వవు. మా దగ్గర ఫ్లాగ్ ఉన్నా లేకపోయినా మొదటిసారి లో వచ్చిన ప్లేట్‌లెట్ కౌంట్ స్మియర్ చూడకుండా బయటికి పోదు.

ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే నంబర్) 37, 38 వచ్చినా అంతే. మనిషి రక్తంలో సాధారణంగా అంత ఉండదు, కోల్డ్ ఎగ్లుటినిన్ అనే, చల్లదనంలో పనిచేసే యాంటీబాడీ వల్ల ఎర్రకణాలు అతుక్కుపోయో, లైపీమియా వల్ల హిమోగ్లోబిన్ ఎక్కువ చూపించో అలా వస్తుంది. ట్యూబ్‌ని 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి మళ్ళీ రన్ చేస్తే మొదటి రకం అయితే నంబర్లు దారికొస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) ఒక మనిషిలో రోజుల్లో పెద్దగా మారదు కాబట్టి నిన్న 72 ఇవాళ 91 అయితే, మధ్యలో రక్తం ఎక్కించకపోతే, ట్యూబ్ వేరే వాళ్ళదేమో అని డెల్టా చెక్‌లో (అదే పేషెంట్ పాత రిజల్ట్‌తో పోల్చడం) పట్టుకోవచ్చు. మేడమ్ చెప్పిన తప్పు లేబుల్ కేసులు కొన్ని ఇలాగే దొరుకుతాయి.

రాత్రిడ్యూటీ

అందరూ భయపెట్టేశారు పాపం ఆయన్ని, నేను ఇంకో వైపు చెప్తా. ట్రాక్ వచ్చాక నా మణికట్టు నొప్పి పోయింది. రోజంతా మూతలు తిప్పి తిప్పి బొటనవేలు పట్టేసేది. మూత లాగినప్పుడు ముఖం మీదకి తుంపర్లు పడటం, పగిలిన ట్యూబ్ గుచ్చుకోవడం, అవన్నీ కూడా సేఫ్టీ లెక్కలోకే వస్తాయి కదా, రోబో చెయ్యి తగలడం ఒక్కటే సేఫ్టీ కాదు. మూతలు తీసే డీక్యాపర్ కవర్ లోపల ఆ పని జరిగిపోతుంటే హెపటైటిస్ శాంపిలో ఇంకోటో అని గుండె దడ లేకుండా పని చేసుకుంటున్నాం. ఈ ట్రాక్‌లు నిన్న మొన్నటివి కూడా కాదు, జపాన్‌లో కొచి మెడికల్ స్కూల్‌లో డాక్టర్ మసహిడె ససాకి 1980ల మొదట్లోనే కన్వేయర్ బెల్ట్‌లు, రోబోలు పెట్టి ల్యాబ్ నడిపారు, తక్కువమందితో ఎక్కువ శాంపిల్స్ చేయాల్సి వచ్చి మొదలుపెట్టిందే అది.

నాకున్న కంప్లైంట్ వేరే. లైన్ ఆగినప్పుడు సంగతి. చేత్తో చేయడం వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళూ వెళ్ళిపోతున్నారు, కొత్తగా చేరినవాళ్ళకి ట్యూబ్ నేరుగా ఎనలైజర్ ముందు ర్యాక్‌లో పెట్టి నడపడం రాదు. సర్వర్ పడిపోయిన రోజు చూడాలి మా మొహాలు, ఎమర్జెన్సీ నుంచి ట్రోపోనిన్ (గుండెపోటు తేల్చే టెస్ట్) కోసం ఫోన్ల మీద ఫోన్లు, మెషీన్ బాగానే ఉంది, ఆర్డర్ రావట్లేదు కాబట్టి ట్యూబ్ వెయిటింగ్‌లో తిరుగుతోంది. ఇప్పుడు నెలకోసారి కావాలనే ట్రాక్ ఆపి గంటసేపు చేత్తో నడుపుతున్నాం, అప్పుడు కూడా బాస్‌లు టర్నరౌండ్ టైమ్ పాడవుతోందని సణుగుతారు. మీరు కాంట్రాక్ట్ దశలోనే ఇది రాయించుకోండి. స్టాట్ (అత్యవసర) శాంపిల్స్ ట్రాక్ ఎక్కకుండా వెళ్ళే దారి కూడా ఉంచుకోండి.

ప్రోబ్ అన్నా, అలికాటర్‌లో ప్రెజర్ చెక్ ఉన్నా మాకు బుడగల వల్ల షార్ట్ శాంపిల్స్ వచ్చాయి, కాబట్టి అది ఉంటే చాలన్నట్టు చెప్పకు.

ప్రోబ్‌రిపేర్

చాలదు, ఒప్పుకుంట. సెన్సిటివిటీ తగ్గించి పెట్టి ఉంటరు, ఎర్రర్లు ఎక్కువొస్తున్నయని ఫోన్ చేస్తే మావాళ్ళే తగ్గించి పోతరు ఒక్కోసారి. ఆ సెట్టింగ్ ఎవరు ఎప్పుడు మార్చిండ్రో లాగ్ ఉంటది, అడిగి తీసుకో.

పేషెంటునే

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, నాకు ల్యాబ్ గురించి ఏమీ తెలియదు. ఇదంతా చదివాక రిపోర్ట్ చూస్తే భయమేస్తోంది. మావైపు నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా?

కెమిస్ట్రీమేడమ్

అయ్యో భయపడకండి, ఇక్కడ మేము తప్పుల గురించే మాట్లాడుకుంటున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది. ఉంది, మీరు చేయగలిగింది చాలానే ఉంది. రక్తం తీసేవాళ్ళు "మీరు ఫలానా కదా?" అంటే ఊ అనకండి, పేరు పుట్టినతేదీ మీరే చెప్పండి, ట్యూబ్ మీద లేబుల్ మీ ఎదురుగానే అంటించమనండి. తీసేముందు పిడికిలి అదేపనిగా బిగించి వదలడం చేయకండి, పొటాషియం పెరుగుతుంది.

ఇంకా జుట్టుకి, గోళ్ళకి అని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి. కొన్ని ఇమ్యునోఎస్సేల్లో బయోటిన్‌నే జిగురులా వాడతారు, మీ రక్తంలో అది ఎక్కువుంటే ఆ టెస్ట్ గందరగోళమైపోతుంది. ట్రోపోనిన్ లాంటివి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి, కొన్ని థైరాయిడ్ టెస్ట్‌లు ఎక్కువ చూపిస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లో దీనిమీద హెచ్చరిక ఇచ్చింది, తప్పుగా తక్కువొచ్చిన ట్రోపోనిన్‌కి సంబంధించి ఒక మరణం కూడా రిపోర్ట్ అయింది. రోబోకి గానీ, సీరం చూసే నాకు గానీ మీరు చెప్తే తప్ప ఇది తెలిసే దారి లేదు. రిపోర్ట్ మీ ఒంటికి, మీ లక్షణాలకి అసలు పొంతన లేకుండా ఉంటే మళ్ళీ తీయించమని డాక్టర్ని అడగడానికి మొహమాటపడకండి.

సీరమ్‌బాబు

చాలా థాంక్స్ అందరికీ. మీటింగ్ అయింది. ఆటో వెరిఫికేషన్ మొదటి రోజు నుంచి వద్దని ఒప్పించాను, మావయ్య చెప్పిన టిక్ పద్ధతి మా పాథాలజిస్ట్ మేడమ్‌కి నచ్చింది, ఇంగ్లండ్ కేస్ చెప్పేసరికి రూమ్ సైలెంట్ అయింది. ఇప్పుడు చివరి డౌట్, పాత ఎనలైజర్, కొత్త లైన్ రెండూ పక్కపక్కన నడిపి పోల్చడానికి ఎన్ని శాంపిల్స్ కావాలి? అప్లికేషన్ వాళ్ళు 10 చాలంటున్నారు.

కెమిస్ట్రీమేడమ్

10 చాలవు. సీఎల్ఎస్ఐ ఈపీ09 ప్రకారం కనీసం 40 పేషెంట్ శాంపిల్స్, అవి కూడా నార్మల్ రేంజ్‌లోవే 40 పట్టుకొచ్చి అయిందనిపించకండి, బాగా తక్కువ నుంచి బాగా ఎక్కువదాకా పరచాలి, ఒక్కరోజే కాకుండా కొన్ని రోజుల మీద చేయాలి. ప్రెసిషన్‌కి (అదే శాంపిల్‌కి మళ్ళీ మళ్ళీ అదే నంబర్ వస్తుందా అని చూడటానికి) ఈపీ15 పద్ధతి, రోజుకి 5 సార్లు చొప్పున 5 రోజులు. లైన్ మీద రెండు కెమిస్ట్రీ ఎనలైజర్లు ఉంటే వాటినీ ఒకదానితో ఒకటి పోల్చండి, ఎందుకంటే పొద్దున శాంపిల్ ఒకదానికి సాయంత్రం శాంపిల్ ఇంకోదానికి వెళ్తుంది, వార్డులో డాక్టర్‌కి ఆ తేడా పేషెంట్‌లో మార్పులా కనిపిస్తుంది.

వీలైతే అదే ట్యూబ్‌ని ఒకసారి ట్రాక్ మీదుగా, ఒకసారి ట్రాక్ లేకుండా నేరుగా ఎనలైజర్‌లో పెట్టి కూడా చూడండి, పొటాషియం, ఎల్‌డీహెచ్, హీమోలిసిస్ ఇండెక్స్ ముఖ్యంగా. ఒక్క సంగతి, ట్రాక్ సెంట్రిఫ్యూజ్ వేరే ఉంటుంది కదా, నేరుగా పెట్టేవి మీ పాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాల్సి వస్తే ఒకే పేషెంట్ నుంచి ఒకేసారి తీసిన రెండు ట్యూబ్‌లు వాడండి, ఒకే ట్యూబ్‌ని రెండుసార్లు తిప్పకండి, ప్రోబ్ గారు పైన చెప్పిన కారణమే. క్యూసీ రోజుకోసారి పొద్దున పెట్టి వదిలేసే అలవాటు ఉంటే అది కూడా మార్చండి, ఈ స్పీడులో మధ్యాహ్నం ఏదైనా డ్రిఫ్ట్ అయితే మర్నాడు పొద్దున దాకా వెళ్ళిపోయిన రిపోర్టులన్నీ వెనక్కి పిలవాలి. మధ్యమధ్యలో క్యూసీ పెట్టండి, మీ సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్ రిజల్ట్స్ మూవింగ్ యావరేజ్ చూపించే ఆప్షన్ ఉంటే సోడియం, కాల్షియంతో మొదలుపెట్టండి. వాటి సగటు రోజుల తరబడి కదలదు, కదిలిందంటే ఎనలైజర్ దగ్గరికి వెళ్ళి చూడాల్సిందే.